వారానికోసారి రిహార్సల్: రాక్ కవర్ బ్యాండ్‌వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగాలో చదువులో చూసుకుంటూ సరదాకి వేరేవాళ్ల రాక్ పాటలు వాయించే (అదే కవర్ బ్యాండ్) నలుగురైదుగురు వారానికోసారి ఒక గదిలో కలిస్తే వచ్చే సందేహాలు ఇవి. ఎవరి వాయిద్యం వాళ్లకు ఓ మోస్తరుగా వచ్చు అన్న లెక్కతో జవాబులు రాశాం. రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్, ఒక గాత్రం ఉన్న బ్యాండ్‌ను దృష్టిలో పెట్టుకున్నాం. కీబోర్డు సంగతులు అక్కడక్కడా వస్తాయి.

ఇంట్లో సాధన చేస్తూనే ఉన్నాం కదా, రిహార్సల్‌లో వేరే ఏం చేయాలి?

కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు), రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరవరస), సాహిత్యం, సోలో (ఒక్కరే ముందుకొచ్చి వాయించే భాగం), ఏ భాగం తర్వాత ఏ భాగం వస్తుంది అన్నవన్నీ ఇంట్లోనే తేల్చుకుని రావాలి. ఎత్తుగడ ఎవరిస్తారు, అందరూ ఒక్కసారిగా ఆగే చోటు ఏది, కోరస్‌లోకి (పల్లవిలోకి) ఎంత జోరుగా దూకాలి, ముక్తాయింపు ఎలా, ఎవరి శబ్దం ఎవరిని మింగేస్తోంది అన్నవి గదిలో అందరూ ఉంటే తప్ప తేలవు. రిహార్సల్ సమయం వీటికే. ఒకరు ఫోన్లో కార్డ్‌లు వెతుక్కుంటూ కూర్చుంటే మిగతా నలుగురి సాయంత్రం దండగ.

"నాకు ఈ పాట వచ్చు" అనడానికి ఒక కొలత పెట్టుకోండి: అసలు రికార్డింగ్ మోగుతుంటే దాంతోపాటు, కాగితం చూడకుండా, ఎక్కడా ఆగకుండా, వరసగా రెండుసార్లు వాయించగలగాలి. సోలో అచ్చు గుద్దినట్టు రాకపోయినా సర్దుకోవచ్చు. బ్రిడ్జ్ (కోరస్‌ల మధ్య వచ్చే వేరే భాగం) ఎన్ని బార్లో (తాళం చుట్లో) తెలియకపోతే మాత్రం సర్దుకోలేం.

మూడు గంటల సెషన్‌ను ఎలా పంచుకోవాలి?

సామాన్లు అమర్చుకుని, శ్రుతి చేసుకుని, శబ్దం సరిచూసుకోవడానికి 25 నిమిషాలు పోతాయి. అంతకంటే తక్కువలో అవుతుందని ఆశపడొద్దు. తర్వాత అందరికీ బాగా వచ్చిన పాట ఒకటి వాయిస్తే చేతులు వేడెక్కుతాయి, ఎవరి వాల్యూమ్ ఎక్కువైందో కూడా తెలిసిపోతుంది. బుర్ర తాజాగా ఉన్న మొదటి గంటలోనే కొత్త పాటలు పట్టాలి. వాటిని చివరికి నెట్టే బ్యాండ్‌లు నెలలు గడిచినా పాత పాటల దగ్గరే తిరుగుతుంటాయి. గంటా పది నిమిషాల తర్వాత గది బయటికి వచ్చి పది నిమిషాల విరామం తీసుకోవాలి, చెవుల కోసమైనా. ఆపైన పోయినవారం మొదలుపెట్టిన పాటలకు అరగంట, ఇంకో అరగంట ఎక్కడా ఆపకుండా సెట్‌లో (ప్రదర్శనకు పెట్టుకున్న పాటల వరసలో) కొంత భాగం. చివరి పావుగంట సర్దుకోవడానికి.

ఈ లెక్కను తలకిందులు చేసేది పాటకూ పాటకూ మధ్య చేసే టింగుటింగులు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తీగల మీద అరచేయి ఆనించి ఉంచాలి, స్టిక్స్ ఒళ్లో పెట్టుకోవాలి. ఈ ఒక్క అలవాటుతో చాలా బ్యాండ్‌లకు సెషన్‌కు ఇంకో పాట వాయించే సమయం మిగులుతుంది.

వారానికి ఎన్ని కొత్త పాటలు పెట్టుకోవాలి?

రెండు. మూడు పెట్టుకుంటే మూడోది ఎవరూ సరిగ్గా నేర్చుకుని రారు. మొదటి వారం ఆకారం వస్తుంది, రెండో వారం అతుకులు సరిచేస్తారు, మూడో వారానికి ఆగకుండా వెళ్తుంది. గంట ప్రదర్శనకు, మధ్యలో మాటలు కూడా కలుపుకుని, 14 లేదా 15 పాటలు సరిపోతాయి.

పాట పేరు ఒక్కటే చెప్పుకుంటే చాలదు. స్టూడియో వెర్షన్, లైవ్ వెర్షన్, రేడియో కోసం కత్తిరించిన వెర్షన్ ఒకే పాటవైనా నిడివి మారుతుంది, ఒక్కోసారి శ్రుతి కూడా మారుతుంది. డ్రమ్మర్ ఒకటి విని, గిటారిస్టు ఇంకొకటి విని వస్తే మొదటి అరగంట "నువ్వు తప్పంటే నువ్వు తప్పు" అనుకోవడంతోనే సరి. అందరికీ ఒకే ఆడియో ఫైలు పంపండి, నిమిషాలు, సెకన్లతో సహా నిడివి రాయండి.

పాట నమూనా కాగితం ఎలా రాసుకోవాలి?

అరపేజీ దాటకూడదు. స్వరాలు, ట్యాబ్ (ఏ తీగను ఎక్కడ నొక్కాలో చూపే రాత) దాని మీద అక్కర్లేదు. ఒక ఉదాహరణ (భాగాల పక్కన అంకెలు బార్ల లెక్క, వర్స్ అంటే చరణం, బీపీఎం అంటే నిమిషానికి ఎన్ని బీట్లో):

126 బీపీఎం, E మేజర్, మామూలు శ్రుతి. ఎత్తుగడ: స్టిక్స్ 4.
ఇంట్రో: 4 (ఒకటో గిటార్ మాత్రమే) + 4 (అందరూ)
వర్స్ 1: 16, బేస్ 9వ బార్ నుంచి
కోరస్: 8
వర్స్ 2: 8 (సగమే!)
కోరస్: 8 + 2 బార్ల అదనపు తోక
సోలో: 16, వర్స్ కార్డ్‌ల మీద
బ్రేక్: 4, గాత్రం, హైహ్యాట్ మాత్రమే
కోరస్: 8 × 2
ముక్తాయింపు: రిఫ్ 3 సార్లు, నాలుగోది మొదటి బీట్ మీద కట్

జారిపడేది ఎప్పుడూ రెండో వర్స్ సగానికి కుదించిన చోట, లేదంటే రెండు బార్లు అదనంగా తగిలించిన చోట. అందుకే ఆశ్చర్యార్థకం. కాగితం ఒకరే రాసి అందరికీ ఇవ్వాలి. ఐదుగురు ఐదు రకాలుగా రాసుకుంటే మళ్లీ మొదటికే వస్తారు.

రికార్డింగ్‌లో పాట మెల్లగా తగ్గుతూ మాయమైపోతుంది. గదిలో ఎలా ముగించాలి?

మీరే ఒక ముక్తాయింపు కట్టుకోవాలి. సులువైనది ఇది: చివరి కోరస్ ఆఖరి వరుసను మూడుసార్లు చెప్పి, మూడోసారి వేగం తగ్గించి, మొదటి కార్డ్ మీద నిలబడి, డ్రమ్మర్ సైగతో ఒక్క దెబ్బతో ఆపేయడం. ఇంట్రో రిఫ్‌కు తిరిగొచ్చి ఉన్నపళంగా కట్ చేయడం ఇంకో దారి. ఏది ఎంచుకున్నా, సైగ ఎవరిదో ముందే తేల్చుకోండి. ముగింపు ఒక్కదాన్నే విడిగా ఐదారుసార్లు వాయించండి. ఆఖరి రెండు కోరస్‌ల నుంచి మొదలుపెడితే చాలు, ప్రతిసారీ పాట మొత్తం వాయించనక్కర్లేదు.

పాట మా గాయకుడికి అందడం లేదు. శ్రుతి మార్చవచ్చా?

మార్చాలి. కవర్ బ్యాండ్‌లో అసలు శ్రుతికి కట్టుబడి ఉండాలని పట్టుబట్టేది సాధారణంగా గిటారిస్టులే, గొంతు చించుకునేది మాత్రం ఇంకొకరు.

ఒక సెమీటోన్ (పక్కపక్క స్వరాల మధ్య అతి చిన్న మెట్టు) తగ్గిస్తే చాలనుకుంటే గిటార్లు, బేస్ అన్నీ ఒక సెమీటోన్ కిందికి శ్రుతి చేసుకుంటే వేళ్ల స్థానాలు మారవు. జిమీ హెండ్రిక్స్, గన్స్ అండ్ రోజెస్ రికార్డింగ్‌లు చాలావరకు ఈ శ్రుతిలోనే ఉన్నాయి కాబట్టి అలాంటి పాటలు సెట్‌లో ఉంటే వాటన్నిటినీ ఒకచోట చేర్చవచ్చు. రెండు సెమీటోన్లు దించితే 10 గేజ్ (తీగ మందం అంకె) తీగలు వదులై గలగలమంటాయి, గట్టిగా మీటినప్పుడు స్వరం పైకి జారుతుంది. 11 గేజ్ వేస్తే బిగువు తిరిగొస్తుంది. పైకి జరపాలంటే గిటార్‌కు కాపో (మెడ మీద తీగలన్నిటినీ అదిమిపట్టే క్లిప్పు) ఉంది, ఒక ఫ్రెట్‌కు (మెడ మీది లోహపు గీతకు) ఒక సెమీటోన్. బేసిస్టు మాత్రం వేళ్లు జరుపుకోవాల్సిందే.

అంతకంటే ఎక్కువ మార్పు అయితే కార్డ్‌లే మార్చాలి. అప్పుడు ఖాళీ తీగల మీద కట్టిన రిఫ్ ఊపు పోతుంది. రిఫ్ పోతే పాటే పోయినట్టు అనిపిస్తే ఆ పాటను వదిలేయడం మేలు.

కొత్త శ్రుతిని సెషన్ చివర్లో, గొంతు అలసిపోయాక పరీక్షించండి. మొదటి పదినిమిషాల్లో ఏదైనా అందుతుంది. కీబోర్డు వాయించేవాళ్లు ట్రాన్స్‌పోజ్ మీట (శ్రుతి మొత్తాన్ని జరిపేది) నొక్కి తర్వాతి పాటకు తీసేయడం మర్చిపోతుంటారు. ఆ సంగతి కాగితం మీద పాట పేరు పక్కనే పెద్దక్షరాలతో ఉండాలి.

ఎవరికివారు వాల్యూమ్ పెంచుకుంటూ పోతున్నారు, గాత్రం వినపడటమే లేదు. ఏం చేయాలి?

చిన్న గదిలో రెండు మాత్రం మీ చేతిలో ఉండవు: డ్రమ్స్ ఎంత తక్కువగా మోగగలవు, మైకు కీచుమనకుండా గాత్రం ఎంత పైకి వెళ్లగలదు. మిగతావన్నీ ఈ రెండింటి మధ్య ఇమడాలి. కాబట్టి వరస ఇలా ఉండాలి. డ్రమ్మర్ కోరస్ వాయించే జోరులో వాయించాలి. దాని మీద గాత్రం స్పష్టంగా వినిపించేదాకా స్పీకర్ పెంచాలి. అది సాధ్యం కాకపోతే డ్రమ్మరే చెయ్యి తగ్గించాలి, లేదా సన్నపుల్లల కట్టలా ఉండే రాడ్స్ వాడాలి. తర్వాత బేస్, కిక్ డ్రమ్‌తో సమానంగా. ఆఖరున గిటార్లు, గాత్రం కిందికి. గిటార్ ముందు పెట్టుకుని దానికి మిగతావాటిని సరిపెట్టాలని చూసినచోటే పోటీ మొదలవుతుంది.

"నా గిటార్ నాకే వినపడట్లేదు" అన్న ఫిర్యాదుకు తొంభై పాళ్లు కారణం ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) నేల మీద ఉండటం. స్పీకర్ నుంచి వచ్చే పైస్థాయి శబ్దం టార్చిలైటు వెలుగులా ఇరుకుగా సూటిగా పోతుంది. దాని ముందు నిలబడ్డవాడి మోకాళ్లకు తగిలి, గదికి అవతల ఉన్న గాయకుడి చెవిలో దూరుతుంది. ఆంప్‌ను కుర్చీ మీదికి ఎక్కించండి, లేదా వెనక్కి వాల్చి మీ చెవికి గురిపెట్టండి. వాల్యూమ్ తగ్గించమని ఎవరూ అడగకుండానే తగ్గిస్తారు.

తర్వాతి అనుమానితుడు టోన్. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే మిడ్ (మధ్యస్థాయి శబ్దం) తగ్గించి, బేస్ (కిందిస్థాయి), ట్రెబుల్ (పైస్థాయి) పెంచిన శబ్దం గొప్పగా ఉంటుంది. బ్యాండ్‌లో ఆ బేస్‌ను బేస్ గిటార్, ఆ ట్రెబుల్‌ను సింబల్స్ కప్పేస్తాయి, మీకేమీ మిగలదు. గిటార్ బతికేది మిడ్‌లోనే. బేస్ నాబ్ సగానికి తగ్గించండి, మిడ్ పెంచండి, డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా చేసేది) మీకు నచ్చినదానికంటే కొంచెం తక్కువగా పెట్టండి. రెండు గిటార్లూ ఒకే పవర్ కార్డ్‌ను (రెండు స్వరాల కార్డ్) ఒకే చోట పట్టుకుంటే బురదే మిగులుతుంది. ఒకరు కింద ఉంటే ఇంకొకరు ఏడో ఫ్రెట్ దాటిన చోట అదే కార్డ్ పట్టుకోవాలి.

పెద్ద ఆంప్ కొంటే తీరుతుందనుకోవద్దు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి. రిహార్సల్ గదికి 15 వాట్ల ట్యూబ్ ఆంప్ చాలు.

మైకు ఊరికే కీచుమంటోంది. ఎలా ఆపాలి?

స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి, అదే మళ్లీ స్పీకర్‌లోకి వస్తూ చుట్టు తిరిగితే ఫీడ్‌బ్యాక్ వస్తుంది. ముందు స్థానాలు చూడండి. షూర్ ఎస్‌ఎం58 లాంటి కార్డియాయిడ్ మైకు తన వెనక వైపు శబ్దాన్ని అతి తక్కువ తీసుకుంటుంది, కాబట్టి స్పీకర్ సరిగ్గా మైకు తోకకు ఎదురుగా ఉండాలి. బీటా 58ఏ లాంటి సూపర్‌కార్డియాయిడ్‌కు వెనక కొంచెం వినికిడి ఉంటుంది, దాని మూగచోటు వెనక పక్కలకు ఉంటుంది. అలాంటప్పుడు స్పీకర్‌ను నేరుగా కాకుండా ఓ పక్కకు జరపాలి.

గాయకుడి వీపు వెనక డ్రమ్స్ ఉండకూడదు. అలా ఉంటే గాత్రంతోపాటు సింబల్స్ కూడా ఆ మైకులోంచే పెద్దగా వినిపిస్తాయి. మైకు జాలీని గుప్పిట్లో బిగించి పట్టుకునే అలవాటుంటే మాన్పించండి. జాలీ మూసుకుపోతే మైకు అన్ని వైపుల నుంచీ శబ్దం లాగేస్తుంది, వెంటనే కూత మొదలవుతుంది. పెదవులు జాలీకి రెండు వేళ్ల దూరంలో ఉండాలి. ఇవన్నీ చేశాక కూడా కూస్తుంటే, ఈక్వలైజర్‌లో ఒక్కో స్లయిడర్ కొంచెం పెంచి చూడండి. ఏది పెంచితే అదే కూత వస్తుందో దాన్ని 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించండి. నాలుగైదు చోట్ల తగ్గించాల్సి వస్తే తప్పు స్థానంలో ఉంది, ఈక్వలైజర్‌లో కాదు.

ఆంప్ గుయ్యిమంటోంది. మైకుకు పెదవి తగిలితే షాక్ కొడుతోంది.

ఇవి రెండు వేరు సంగతులు. రెండోది ముందు: గిటార్ పట్టుకుని మైకు ముట్టుకుంటే షాక్ కొట్టిందంటే ఎక్కడో ఎర్తింగ్ సరిగా లేదు. వాయించడం అక్కడే ఆపి, ప్లగ్గులు తీసి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆ సాకెట్ వాడొద్దు. స్పాంజి తొడుగు వేసి కానిచ్చేద్దామనుకోవద్దు, ప్రాణాంతకం.

గుయ్యిమనడానికి కారణాలు చాలా. గిటార్ తీగలు ముట్టుకోగానే తగ్గితే, గిటార్ లోపలి షీల్డింగ్ బలహీనంగా ఉందన్నమాట. ఒక చోట నిలబడి ఒళ్లు పావువంతు తిప్పితే తగ్గితే, సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను కరెంటుగా మార్చే గిటార్ భాగం) దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పట్టుకుంటోంది. అక్కడి నుంచి జరగడమే మందు. రెండు పరికరాలను కేబుల్‌తో కలపగానే మొదలైతే అది గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలిసి చుట్టు ఏర్పడటం). అన్నిటినీ ఒకే సాకెట్ నుంచి తీసిన బోర్డుకు పెట్టండి, లేదా మధ్యలో డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే పెట్టె) పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ మీట (సిగ్నల్ కేబుల్‌లోని ఎర్త్ కలయికను తెంపేది) నొక్కండి. గుయ్యి పోవాలని ప్లగ్గులోని ఎర్త్ పిన్నును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకూడదు.

పెడల్స్‌ను (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెట్టెలు) కలిపినప్పుడే సన్నగా ఈల వేస్తుంటే, డిజిటల్ డిలేను (ప్రతిధ్వని పెడల్), డిస్టార్షన్‌ను ఒకే అడాప్టర్ నుంచి గొలుసు వైరుతో నడిపిస్తున్నట్టు. డిజిటల్ పెడల్‌కు వేరే అడాప్టర్ ఇవ్వండి. ఎక్కువ పెడల్స్ 9 వోల్టుల డీసీ, మధ్యలో నెగటివ్. కొన్ని అలా ఉండవు కాబట్టి పెడల్ మీది బొమ్మ చూసి పెట్టండి.

గిటార్ కేబుల్‌ను హెడ్‌కూ (స్పీకర్ లేని ఆంప్) క్యాబినెట్‌కూ (స్పీకర్ పెట్టె) మధ్య వాడొచ్చా?

వాడకూడదు. రెండూ పైకి ఒకేలా ఉన్నా లోపలి తీగ మందం వేరు. స్పీకర్ కరెంటుకు గిటార్ కేబుల్ వేడెక్కుతుంది. ట్యూబ్ హెడ్‌ను స్పీకర్ కలపకుండా ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. 8 ఓముల క్యాబినెట్లు రెండు సమాంతరంగా కలిపితే 4 ఓములవుతుంది, హెడ్ వెనక ఆ అంకెకే పెట్టాలి. గాత్రం స్పీకర్లను అన్నిటికంటే చివర ఆన్ చేసి, అన్నిటికంటే ముందు ఆఫ్ చేయండి.

కోరస్ రాగానే వేగం పెరిగిపోతోంది. తప్పు డ్రమ్మర్‌దేనా?

అందరూ అటే చూస్తారు గానీ, చాలాసార్లు లాగేది గిటార్. జోరు పెరిగేచోట చేతులు కూడా పరిగెడతాయి. డ్రమ్ ఫిల్ (భాగం మారేముందు డ్రమ్మర్ వేసే చిన్న విన్యాసం) చివరి రెండు దెబ్బలు ఇరుకవుతాయి, తర్వాతి బార్ ముందుకు పడుతుంది. 120 బీపీఎంలో మొదలైన నాలుగు నిమిషాల పాటను మొత్తం 126లో వాయిస్తే పదకొండు సెకన్ల ముందే అయిపోతుంది. వినేవాళ్లకు అంకె తెలియదు గానీ, గాయకుడికి ఊపిరి తీసుకునే చోటు దొరకదు.

మెట్రోనోమ్ డ్రమ్మర్ చెవిలో పెట్టండి. అందరికీ వినిపించేలా స్పీకర్‌లో పెడితే ఎవరూ ఒకరినొకరు వినరు. తర్వాత ఈ పని చేయండి: వర్స్ చివరి 4 బార్లు, కోరస్ మొదటి 4 బార్లు మాత్రం తీసుకుని, పాట వేగంలో నాలుగింట మూడు వంతులకు తగ్గించి తిప్పి తిప్పి వాయించండి. 120 పాటైతే 90 దగ్గర. ముందు ఫిల్ లేకుండా, తర్వాత ఫిల్‌తో. మెల్లగా వాయించడమే కష్టమని అప్పుడు తెలుస్తుంది. కుదిరాక నాలుగేసి బీపీఎం పెంచుకుంటూ రండి.

ఎత్తుగడ లెక్కపెట్టేముందు డ్రమ్మర్ కోరస్ వరుసను ఒకసారి మనసులో పాడుకోవాలి. ఇంట్రోను తలచుకుని లెక్కపెడితే తరచుగా తప్పుతుంది, కోరస్‌ను తలచుకుంటే అసలు వేగం దొరుకుతుంది.

ఇయర్‌ప్లగ్గులు నిజంగా అవసరమా?

అవసరం. డ్రమ్స్ ఉన్న చిన్నగదిలో శబ్దం 100 డెసిబెల్స్ దాటడం మామూలే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు ఉండొచ్చు, పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. ఇంటికెళ్లాక చెవుల్లో గింయ్‌మంటుంటే హద్దు దాటారని అర్థం. ఫోమ్ ప్లగ్గులు పైస్థాయి శబ్దాన్ని ఎక్కువగా కోసేయడంతో అంతా దుప్పటి కప్పుకుని విన్నట్టుంటుంది. సంగీతకారుల కోసం చేసిన ప్లగ్గులు అన్ని స్థాయిలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. మొదటి రెండు సెషన్లు గాయకులకు తమ గొంతు తలలోపలే మోగుతున్నట్టుంటుంది, తర్వాత అలవాటవుతుంది.

సెషన్‌ను ఫోన్లో రికార్డు చేస్తే పనికొస్తుందా?

బ్రహ్మాండంగా. శబ్దం నాణ్యత కోసం కాదు, తప్పులు పట్టుకోవడానికి. ఫోన్‌ను డ్రమ్స్‌కు దూరంగా, ఛాతీ ఎత్తులో, గోడకు ఆనకుండా పెట్టండి. ఆంప్ మీద పెడితే పనికిరాదు. రికార్డింగ్ యాప్‌లో శబ్దాన్ని తనంతట తాను సర్దే సౌకర్యం ఉంటే ఆపేయండి, లేకపోతే వర్స్, కోరస్ ఒకే మోతలో వినిపిస్తాయి. ఆ రాత్రి వినొద్దు, అంతా బాగానే ఉన్నట్టో, అంతా చెత్తగా ఉన్నట్టో అనిపిస్తుంది. రెండురోజులాగి వినండి, ప్రతి ఒక్కరూ సొంత వాయిద్యం గురించే ఒక తప్పు రాసుకుని రావాలి.

గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే బయటికి శబ్దం పోదా?

పోతుంది. అట్టలు, ఫోమ్ గది లోపలి గలగలను కొంత తగ్గిస్తాయి, అంతే. బేస్‌ను, కిక్ డ్రమ్‌ను ఆపేది బరువైన గోడ, సందులు లేని తలుపు. చౌకలో అయ్యే పని తలుపు అంచులకు రబ్బరు పట్టీ, డ్రమ్స్ కింద మందపాటి తివాచీ, వాటికితోడు బేస్ ఆంప్‌ను నేల మీది నుంచి లేపడం. అదీ చాలకపోతే ఎలక్ట్రానిక్ డ్రమ్స్, హెడ్‌ఫోన్లు.

సంచిలో ఎప్పుడూ ఏముండాలి?

అదనపు తీగల సెట్టు, రెండు గిటార్ కేబుళ్లు, ఒక మైకు కేబుల్, 9 వోల్టుల బ్యాటరీ, డ్రమ్ కీ, సింబల్ స్టాండ్ ఫెల్ట్‌లు, స్టిక్స్ జత, గుడ్డ టేపు, ఆంప్‌కు అదే రేటింగ్ ఉన్న ఫ్యూజు. ఫ్యూజు పోతే పెద్ద రేటింగ్‌ది వేయొద్దు. కొత్తది కూడా వెంటనే పోతే ఆంప్‌ను రిపేరుకు ఇవ్వాల్సిందే.

ఒకరు రాలేకపోతే సెషన్ రద్దు చేయాలా?

డ్రమ్మర్ రాకపోతే గాత్రాలు పట్టండి. అకూస్టిక్ గిటార్ ఒకటి పెట్టుకుని కోరస్‌లో ఎవరు ఏ స్వరం పాడాలో తేల్చుకోవడానికి అంతకంటే మంచి సాయంత్రం దొరకదు. గాయకుడు రాకపోతే ఆగే చోట్లు, ముక్తాయింపులు. ఇద్దరు రాకపోతే రద్దు చేసుకోండి. నేర్చుకోకుండా వచ్చినవాళ్ల విషయంలో గొడవ అక్కర్లేదు, ఆ వారం ఆ పాటను పక్కనపెట్టి తర్వాతిదానికి వెళ్లండి. అదే మనిషి వల్ల మూడోసారి కూడా పక్కనపెట్టాల్సి వస్తే అప్పుడు మాట్లాడాలి.

పాటలు కాకుండా ఊరికే జామ్ చేయడం (అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడం) ఎలా? ఎప్పుడూ రెండు నిమిషాలకే చప్పబడిపోతోంది.

"ఏదో ఒకటి వాయిద్దాం" అని మొదలుపెడితే అంతే. మూడు విషయాలు ముందే చెప్పుకోండి: శ్రుతి, వేగం, కార్డ్‌లు. A శ్రుతిలో 12 బార్ల బ్లూస్ అయితే A నాలుగు బార్లు, D రెండు, A రెండు, E ఒకటి, D ఒకటి, A ఒకటి, చివరి బార్ మళ్లీ E. ఒక్కొక్కరికీ రెండు చుట్లు సోలో. రెండో చుట్టు పదో బార్‌లో తర్వాతివాళ్ల వైపు చూడాలి, అవతలివాళ్లు తల ఊపితే చేతులు మారినట్టు. సోలో వాయించని గిటార్ సగం వాల్యూమ్‌కు దిగాలి. చప్పబడినప్పుడు స్వరాలు పెంచకండి, బేస్, డ్రమ్స్ తప్ప అందరూ ఎనిమిది బార్లు ఆగండి.

బయట వాయించడానికి సిద్ధమయ్యామని ఎలా తెలుస్తుంది?

రెండు వారాల ముందు నుంచి గుండ్రంగా నిలబడటం మానేసి, వేదిక మీదిలా వరసగా, అందరూ ఒకే గోడవైపు తిరిగి వాయించండి. ఇన్నాళ్లూ కళ్లతో ఇచ్చుకున్న సైగలు సగం అందవు. వాటి బదులు మెడ ఎత్తడమో, గిటార్ కొస దించడమో పెట్టుకోవాలి. సెట్ మొత్తం గడియారం పెట్టి వాయించండి, ఎవరు తప్పినా ఆపకూడదు. తప్పినప్పుడు అందరూ గాయకుడి మాటను పట్టుకుని అక్కడికి చేరుకోవాలి. గాయకుడే తప్పితే డ్రమ్మర్ ఉన్నచోటే నిజం. పాటకూ పాటకూ మధ్య 15 సెకన్లు దాటిన ప్రతిచోటా సెట్‌లిస్ట్ మీద గుర్తుపెట్టండి: శ్రుతి మార్చుకోవడమా, పెడల్ సర్దుకోవడమా, నీళ్లు తాగడమా. శ్రుతి కారణమైతే ఆ పాటలను పక్కపక్కన చేర్చండి, లేదా వేరే శ్రుతికి ఇంకో గిటార్ తెచ్చుకోండి.